ఓప్రా విన్‌ఫ్రే కార్లు పంచడం దానమా, ప్రచారమా?

గోదారిగట్టు
మా అమ్మాయి జర్నలిజం చదువుతోంది. టీవీ హోస్టుల మీద ప్రాజెక్టు చెయ్యమంటే ఓప్రా విన్‌ఫ్రేని ఎంచుకుంది. వారం రోజులుగా మా ఇంట్లో ఆవిడ గొంతే. నిన్న 2004 నాటి కార్ల క్లిప్ పెట్టింది. స్టూడియోలో కూర్చున్న 276 మందికీ తలా ఒక పాంటియాక్ జీ6 కారు. జనం ఏడుస్తున్నారు, ఒకళ్ల మీద ఒకళ్లు పడిపోతున్నారు, ఆవిడ ఒక్కొక్కరి వైపూ వేలు చూపిస్తూ గొంతు చించుకుని అరుస్తోంది. నాకు చూడబుద్ధి కాలేదు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని విని పెరిగినవాణ్ణి. ఆ మాటే పైకి అన్నాను. "ఒక్క క్లిప్ చూసి మనిషిని తూచేస్తావా నాన్నా" అని అలిగి లేచి వెళ్లిపోయింది.

ఆవిడ సంగతి బాగా తెలిసినవాళ్లు చెప్పండి. అది దానమా, ప్రచారమా? నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

తాటిబెల్లం
ప్రచారమే. ఆలోచించేందుకు ఏమీ లేదు.

వెన్నెల77
పాతికేళ్లు నడిచిన షో అండీ అది. 1986 నుంచి 2011 దాకా, నాలుగున్నర వేలకు పైగా ఎపిసోడ్లు. అందులో ఒక్క రోజు పట్టుకుని మొత్తం చెప్పేస్తే ఎలా?

పద్దుల_పుస్తకం
ముందు ఒక సంగతి సరిచెయ్యాలి. ఆ కార్లు ఓప్రా సొంత డబ్బుతో కొన్నవి కావు. కార్ల కంపెనీయే ఇచ్చింది. ఒక్కోటి సుమారు 28 వేల డాలర్లు. కొత్త మోడల్ అప్పుడే బజారులోకి వస్తోంది, వాళ్లకు కావలసింది పేరు. ఆ పేరు వచ్చింది.

రెండో సంగతి చాలామందికి తెలియదు. అమెరికా పన్ను లెక్కల్లో ఇలా వచ్చిన కారు ప్రైజు కింద లెక్క. ప్రైజు అంటే ఆదాయమే. అమ్మకపు పన్ను, రిజిస్ట్రేషన్ ఖర్చు కంపెనీ పెట్టుకుంది. ఆదాయపు పన్ను మాత్రం కారు అందుకున్నవాళ్ల నెత్తిన పడింది. వాళ్ల వాళ్ల సంపాదనను బట్టి అది 7 వేల డాలర్ల దాకా వెళ్లింది. ఆ రోజు పిలిచిన ప్రేక్షకులు కారు అవసరమై కొనలేక ఉన్నవాళ్లు. మరి అంత పన్ను ఎక్కణ్ణుంచి తెస్తారు?

సత్తిపండు
ఏనుగునిచ్చి అంకుశం దగ్గర ఆగిపోయారన్నమాట.

గోదారిగట్టు
పద్దుల_పుస్తకం గారూ, ఈ పన్ను సంగతి మా అమ్మాయికీ తెలియదు. రాసుకుంది. అలక ఇంకా తీరలేదు కానీ రాసుకుంది.

చికాగోచలి
నేను 2003 నుంచి 2009 దాకా చికాగోలో ఉన్నాను. మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది, నల్లజాతి ఆవిడ, ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, పొద్దున ఓప్రా షో చూసి అప్పుడు పడుకునేది. అంత పిచ్చి ఎందుకని ఒకసారి అడిగాను.

ఎనభైల్లో జరిగింది చెప్పింది. ఆ రోజు షోలో ఒకావిడ, చిన్నప్పుడు సొంతవాళ్ల చేతుల్లో తను పడిన లైంగిక హింస గురించి మాట్లాడుతోందట. ఓప్రా వింటూ వింటూ మాట ఆగిపోయి, ఏడ్చేసి, తనకూ అదే జరిగిందని అక్కడికక్కడే చెప్పేసిందట. తొమ్మిదేళ్ల వయసు నుంచి. పద్నాలుగేళ్లకు గర్భం, బిడ్డ పుట్టి కొద్ది రోజులకే పోవడం, ఇవన్నీ తర్వాత బయటికొచ్చాయి. మా పక్కింటావిడ అప్పుడు ఇస్త్రీ చేసుకుంటోందట. "పెట్టె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను, కింద బట్ట మాడిన వాసన వచ్చేదాకా తెలియలేదు" అంది. తనకు జరిగింది తను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదట. ఆ సాయంత్రం వాళ్లక్కకు ఫోన్ చేసి చెప్పుకుందట.

గోదారిగట్టు గారూ, మీరు చూసిన అరుపుల వెనకాల ఇది కూడా ఉంది. కార్లు పంచిన మనిషీ ఈవిడే.

వెన్నెల77
చికాగోచలి గారూ, ఆ మాడిన బట్ట నా కళ్లముందే ఉంది.

పాతరేడియో
ఆవిడ మొదలైంది రేడియోలో, అందుకే నాకు కొంచెం అభిమానం ఎక్కువ. 1954లో మిసిసిపీ రాష్ట్రంలో పుట్టింది. అసలు పేరు ఓర్పా, బైబిల్లో రూతు కథలోది. ఎవరికీ నోరు తిరక్క ఓప్రా అయింది. ఆరేళ్ల దాకా అమ్మమ్మ దగ్గర పల్లెలో, గోనెసంచులతో కుట్టిన గౌన్లు వేసుకుని పెరిగింది. తర్వాత నాష్‌విల్‌లో నాన్న దగ్గర చేరింది. ఆయన మంగలిషాపు నడిపేవాడు, భలే కచ్చితం మనిషి. వారానికో పుస్తకం చదివి, అందులో ఏముందో రాసి చూపించాలి. హైస్కూల్లో ఉండగానే డబ్ల్యూవీఓఎల్ అనే రేడియో స్టేషన్లో వార్తలు చదివింది.

1976లో బాల్టిమోర్ టీవీలో సాయంత్రం వార్తలకు తీసుకున్నారు. అక్కడ చిత్తుగా ఓడిపోయింది. ఇల్లు కాలిపోయినవాళ్ల దగ్గరికి మైకు పట్టుకుని వెళ్తే ప్రశ్న అడగలేక తనే కళ్లనీళ్లు పెట్టుకునేది. న్యూస్‌రూములో అది పనికిరాదు. రూపం మార్చాలని పార్లరుకు పంపితే, అక్కడ పూసిన మందుకు జుట్టంతా రాలిపోయింది. 1977 ఏప్రిల్‌లో వార్తల బల్ల మీంచి దింపేశారు. కాంట్రాక్టు ఉంది కాబట్టి పంపెయ్యలేక, మరుసటి ఏడు ఒక కబుర్ల షోలో పడేశారు. మొదటిరోజే ఆవిడకు అర్థమైపోయింది ఇదే తన చోటని. వార్తల్లో ఏ ఏడుపు పనికిరాదన్నారో అదే ఇక్కడ పనికొచ్చింది.

1984 జనవరిలో చికాగో. అక్కడ ఆవిడకు అప్పజెప్పిన పొద్దుటి షో రేటింగుల్లో అట్టడుగున ఉండేది. నెలల్లోనే ఫిల్ డొనహ్యూని దాటేసింది. ఆయన అప్పట్లో టాక్ షోలకు మకుటంలేని మహారాజు.

సత్తిపండు
పాతరేడియో అన్నా, నువ్వు రేడియో అంటే చాలు, దుకాణం తెరుస్తావు. కొనసాగించు, వింటున్నాం.

పద్దుల_పుస్తకం
ఆయన వదిలేసింది నేను కలుపుతాను. డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకుండా దానం గురించి మాట్లాడుకోలేం. హోస్టులు చాలామంది జీతగాళ్లు. ఈవిడ 1986లో సొంత కంపెనీ పెట్టింది. పేరు హార్పో, అంటే ఓప్రాను వెనక నుంచి చదవడం. రెండేళ్లకు షో మీద హక్కే తన కంపెనీకి తెచ్చుకుంది. అమెరికాలో ఇలాంటి షోలను ఊరూరా ఉన్న స్టేషన్లు విడివిడిగా కొనుక్కుంటాయి. షో మీదైతే ఆ రాబడి మీకు వస్తుంది, జీతం కాదు. 2003కి ఫోర్బ్స్ జాబితాలో బిలియనీరుగా చేరింది. నల్లజాతి మహిళల్లో మొదటావిడ.

తాటిబెల్లం
అంత డబ్బున్న మనిషి జనం దగ్గర చిల్లర అడగడమెందుకు? ఏంజెల్ నెట్‌వర్క్ అనే దానసంస్థ పెట్టి వసూలు చేసింది కదా. 2023లో హవాయిలోని మావీ ద్వీపంలో కార్చిచ్చు వచ్చినప్పుడూ అదే. తనూ నటుడు డ్వేన్ జాన్సనూ కలిసి 10 మిలియన్ డాలర్లు వేసి, మిగతాది మీరు వెయ్యండని ప్రజల్ని అడిగారు. ఆ ద్వీపంలో ఆవిడకు వందల ఎకరాలున్నాయి. జనం మండిపడ్డారంటే పడరా మరి?

నీలిమ_క
తాటిబెల్లం గారూ, మావీలో ఆ డబ్బు ఏమైందో కూడా చెప్పండి. ఇల్లు పోయినవాళ్లలో, పిల్లలు కాక పెద్దవాళ్లకు ఒక్కొక్కరికీ నెలకు 1,200 డాలర్లు నేరుగా చేతికి ఇచ్చారు. సరుకుల మూటలు లేవు. ఏం కొనుక్కోవాలో వాళ్ల ఇష్టం. నేను ఒక వరద సాయం శిబిరంలో పనిచేశాను. పంచడానికి వచ్చిన చీరల గుట్ట ఇప్పటికీ గుర్తుంది. ఒకామె నా చెయ్యి పట్టుకుని, చీర వద్దమ్మా, పిల్లాడి మందుకు 200 ఇవ్వగలరా అంది. ఇవ్వడానికి మా దగ్గర చీరలే ఉన్నాయి. డబ్బు చేతిలో పెట్టడం ఎంత మర్యాదో ఆ రోజు తెలిసింది.

ఏంజెల్ నెట్‌వర్క్ 1998లో మొదలైంది. ముందు చిల్లర డబ్బులే అడిగింది, నిజమే. డబ్బాల్లో, సోఫా సందుల్లో పడి ఉన్న నాణేలు పంపండి, పేద పిల్లల్ని కాలేజీకి పంపుదాం అంది. 2010లో మూసేసేనాటికి 80 మిలియన్ డాలర్ల పైచిలుకు పోగయింది. ఆఫీసు ఖర్చులన్నీ ఓప్రానే పెట్టుకుంది, కాబట్టి మనం పంపిన డాలరు డాలరుగానే వెళ్లింది. పద్దుల_పుస్తకం గారూ, ఎన్ని సంస్థలు అలా చేస్తాయో మీకే బాగా తెలుసు.

పద్దుల_పుస్తకం
చాలా తక్కువ. అది ఒప్పుకుంటాను.

వెన్నెల77
చిల్లర అడగడంలో నాకు తప్పు కనపడదు. రోజూ చూసే జనానికి మీరూ ఇవ్వగలరని చెప్పింది. పది డాలర్లు ఇచ్చినవాడు ఆ తర్వాత ఆ బడి గురించి, ఆ పిల్లల గురించి ఆరా తీస్తాడు.

సత్తిపండు
అన్నీ బాగానే ఉన్నాయి కానీ 2012లో మన దేశం వచ్చినప్పటి సంగతి మర్చిపోయారా? ముంబైలో ఒకరింట్లో భోజనం దగ్గర కూర్చుని, ఇక్కడ కొందరు ఇంకా చేత్తోనే తింటారటగా అంది. ఆ "ఇంకా" నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

పాతరేడియో
గుచ్చుకునేదే. ఆ ప్రయాణంలోనే బృందావనంలో వితంతువులుండే ఆశ్రమానికీ వెళ్లింది. రెండూ నిజమే.

హాస్టల్_వార్డెనమ్మ
నేను 22 ఏళ్లు ఆడపిల్లల హాస్టల్లో పనిచేసి రిటైరయ్యాను. కార్ల గురించి నాకు అక్కర్లేదు. దక్షిణాఫ్రికా బడి సంగతి ఎవరూ ఎత్తలేదేమని ఇందాకటి నుంచి చూస్తున్నాను.

ఓప్రా నెల్సన్ మండేలాకి మాటిచ్చి కట్టించిన బడి అది. జొహానెస్‌బర్గ్‌కి దక్షిణాన హెన్లీ ఆన్ క్లిప్ అనే ఊళ్లో. మొదట 10 మిలియన్ డాలర్లన్నారు, పూర్తయ్యేసరికి 40 మిలియన్లు. 2007 జనవరిలో 152 మంది పేదింటి ఆడపిల్లలతో తెరిచారు, మండేలా స్వయంగా వచ్చాడు. పేదపిల్లలకు థియేటర్ ఎందుకు, యోగా గది ఎందుకు, బ్యూటీ సెలూన్ ఎందుకు అని లోకమంతా అడిగింది. నాకు మాత్రం ఆ మాటలకు ఒళ్లు మండింది. మా హాస్టల్లో 140 మంది పిల్లలకు ఒక్క నిలువుటద్దం ఉండేది, అదీ ఓ మూల పగిలింది. పండగ రోజు దాని ముందు వరస కట్టేవాళ్లు. పేదపిల్లకు అందమైన గది ఎందుకని అడిగేవాళ్లు ఆ వరసలో ఒక్కసారి నిలబడాలి.

అదే ఏడు అక్టోబరులో ఆ బడి హాస్టల్లో పిల్లల్ని హింసించిందని, అసభ్యంగా తాకిందని ఒక మేట్రన్ మీద ఫిర్యాదు వచ్చింది. ఓప్రా విమానమెక్కి వెళ్లింది, ఒకసారి కాదు, ఆ నెల్లోనే రెండుసార్లు. పిల్లల తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి, మీ పిల్లల్ని నమ్మి నాకప్పగించారు, నేను కాపాడలేకపోయానని క్షమాపణ అడిగింది. తన సొంత నెంబరు పిల్లల చేతికిచ్చింది. పరువు పోతుందని దాచలేదు. కోర్టులో నేరం రుజువు కాక 2010లో ఆ మేట్రన్ని నిర్దోషిగా వదిలేశారు, అది కూడా చెప్పాలి.

నా సంగతి చెబుతాను. ఒక ఏడో తరగతి పిల్ల నా దగ్గరికొచ్చి, రాత్రిపూట ఒకతను గది తాళం తీస్తున్నాడమ్మా అని చెప్పింది. పైకి రిపోర్టు రాశాను. హాస్టల్ పేరు పోతుంది, కొన్నాళ్లు ఆగమన్నారు. ఆగాను. పదకొండు రోజులు. ఆ పదకొండు రాత్రులూ ఆ పిల్ల నా గది గుమ్మం దగ్గరే చాప వేసుకుని పడుకుంది. పన్నెండో రోజు నేనే వెళ్లి ఫిర్యాదు ఇచ్చాను. తాళాలన్నీ మార్పించి, చెవుల గుత్తి రిటైరయ్యేదాకా నా నడుముకే కట్టుకున్నాను. ఆ పిల్ల ఇప్పుడు టీచరు. నన్ను అమ్మా అనే పిలుస్తుంది. కానీ ఆ పదకొండు రోజులూ నావే, ఇంకెవరి మీదా వెయ్యలేను.

అందుకే కెమెరాలు ఉన్నాయా లేవా అని నేను చూడను. ఏదైనా తప్పు జరిగినప్పుడు ఎన్నో రోజున కదిలారో చూస్తాను.

చికాగోచలి
అమ్మా, ఇది రాయడానికి మీకు ఎంత కష్టమయిందో.

తాటిబెల్లం
వార్డెనమ్మ గారూ, మీ మాటకు ఎదురు చెప్పను. నేను కోపంగా ఉన్నది వేరే దాని మీద. అదైనా ఇక్కడ చెప్పాలి. 2010లో ఆవిడ తన షోలో జాన్ ఆఫ్ గాడ్ అనే బ్రెజిల్ బాబాని గొప్పగా చూపించింది. రోగాలు నయం చేస్తాడని. 2012లో స్వయంగా వెళ్లి కలిసింది. తర్వాత ఎందరో ఆడవాళ్లు వాడి మీద అత్యాచారం ఫిర్యాదులు చేశారు, 2019లో శిక్ష పడింది. టీకాలు ఆటిజం తెప్పిస్తాయని నమ్మే నటిని కూడా 2007లో కూర్చోబెట్టి మాట్లాడించింది. మా పెదనాన్న క్యాన్సరుకు మందు మానేసి ఒక బాబా దగ్గర విభూతి తిన్నాడు, టీవీలో చూసి. ఆ బాబా వేరు, ఆ టీవీ వేరు. కానీ నమ్మకం పుట్టించే పని ఒకటే. కోట్ల మంది నమ్మే గొంతు ఉన్నప్పుడు ఎవరిని పక్కన కూర్చోబెడుతున్నామో చూసుకోవాలా వద్దా? ఎంత దానం చేసినా ఆ లెక్క ఈ లెక్కలో కొట్టుకుపోదు.

నీలిమ_క
కొట్టుకుపోదు. ఇది మీరు మొదటి పోస్టులోనే రాసుంటే నేను అంత గట్టిగా వచ్చేదాన్ని కాదు. పెదనాన్నగారి సంగతి విని చాలా బాధగా ఉంది.

పద్దుల_పుస్తకం
బడి విషయంలో ఇంకొకటి. అప్పటి హెడ్‌మిస్ట్రెస్ గురించి ఓప్రా బయట మాట్లాడిన మాటల మీద ఆమె పరువునష్టం దావా వేసింది. 2010లో రాజీ పడ్డారు. వెంటనే కదలడం మంచిదే, కానీ ఆ వేగంలో ఇంకొకరి మీద మాట జారకూడదు. మొదటి బ్యాచ్ 72 మందీ 2011లో స్కూలు చదువు పూర్తిచేశారు.

పాతరేడియో
చట్టం సంగతి ఒకటి మిగిలింది. పిల్లల మీద నేరాలు చేసి శిక్ష పడినవాళ్ల వివరాలు దేశమంతటికీ ఒకే చోట ఉండాలని ఆవిడ 1991లో సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది. అధ్యక్షుడు క్లింటన్ 1993 డిసెంబరులో ఆ చట్టం మీద సంతకం పెట్టాడు. జనం దాన్ని ఓప్రా బిల్లు అనేవాళ్లు. బడిలోనో డే కేర్‌లోనో ఉద్యోగం ఇచ్చేముందు మనిషి పాత చరిత్ర చూసుకునే వీలు దానివల్ల వచ్చింది. చికాగోచలి గారు చెప్పిన ఆ ఏడుపుకీ ఈ సంతకానికీ మధ్య దారి నాకు స్పష్టంగా కనిపిస్తోంది.

చికాగోచలి
ఒక్క విషయం చెప్పి ఆపుతాను. అట్లాంటాలో మోర్‌హౌస్ అని నల్లజాతి అబ్బాయిల కాలేజీ ఉంది. 1989 నుంచి ఓప్రా అక్కడ స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. 2019లో ఇంకో 13 మిలియన్లు కలిపితే మొత్తం 25 మిలియన్ల డాలర్లయింది. 2011 మే నెలలో షో ముగుస్తుందనగా చికాగోలో యునైటెడ్ సెంటర్ అనే పెద్ద స్టేడియంలో వీడ్కోలు సభ పెట్టారు. ఆవిడకు ముందుగా చెప్పలేదు. లైట్లు తగ్గించారు. ఆ స్కాలర్‌షిప్పులతో చదువుకున్న మగవాళ్లు, వందల మంది, చేతుల్లో దీపాలతో మెట్ల మీద నుంచి ఒక్కొక్కరే దిగి వచ్చారు. డాక్టర్లు, లాయర్లు, టీచర్లు. ఆవిడ అరవలేదు. చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. కార్ల క్లిప్ తర్వాత అది చూడండి గోదారిగట్టు గారూ, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని.

ఆ హార్పో స్టూడియో ఇప్పుడు లేదు. 2016లో పడగొట్టారు. అక్కడ మెక్‌డొనాల్డ్స్ హెడ్డాఫీసు లేచింది.

గోదారిగట్టు
చూశాం, ఇద్దరం. దీపాలదీ చూశాం, మే 25 నాటి ఆఖరి ఎపిసోడూ చూశాం. ఆ రోజు అతిథులు లేరు, కానుకలు లేవు, కార్లు లేవు. ఒక్కతే నిలబడి మాట్లాడింది. ఆవిడ మాట్లాడుతుంటే మా ఆవిడ కూడా వంటింట్లోంచి వచ్చి కూర్చుంది.

ఆ కార్ల అరుపు నాకు ఇప్పటికీ నచ్చలేదు. పన్ను సంగతి తెలిశాక ఇంకా నచ్చలేదు. తాటిబెల్లం గారు చెప్పిన బాబా సంగతి మా అమ్మాయి ఒక అధ్యాయంగా పెడుతోంది, వదలనంటోంది. కానీ ప్రాజెక్టు మధ్యలోకి ఇప్పుడు ఆ బడి వచ్చింది. వార్డెనమ్మ గారి పోస్టు మూడుసార్లు చదివింది. అమ్మా, మీకు వీలైతే మా అమ్మాయితో ఒక్కసారి మాట్లాడతారా? హాస్టల్లో పిల్లల రక్షణ ఎలా చూడాలో మీ దగ్గర తెలుసుకోవాలని అడుగుతోంది. మీ పేరు రాయదు, ఊరు రాయదు.

హాస్టల్_వార్డెనమ్మ
తప్పకుండా. నెంబరు మీకు విడిగా పంపుతున్నాను. ఆదివారం మూడు దాటాక చెయ్యమనండి, అంతకుముందు మా టీచరమ్మ వస్తుంది. కాగితం, కలం దగ్గర పెట్టుకోమనండి. రాత్రిపూట తాళంచెవులు ఎవరి దగ్గరుంటాయన్న దానితో మొదలుపెడదాం.